జాతీయ రహదారిపై ట్రాక్టరు ట్రాలీ: భౌతిక సూత్రాలు, రైతు భద్రత

పటాన్‌చెరు నుండి ఇస్నాపూర్, రుద్రారం, కంది, సదాశివపేటల మీదుగా జహీరాబాదు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై రెండు భిన్నమైన రవాణా వ్యవస్థలు కలుస్తాయి. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలకు వచ్చిపోయే లారీలు, ట్యాంకర్లు, కార్మికుల బస్సులు ఒకవైపు. చెరకు, పత్తి, ధాన్యం నింపిన ట్రాక్టరు ట్రాలీలు మరొకవైపు. ట్రాక్టరు ప్రధానంగా పొలం పనికి రూపొందిన యంత్రం. దుక్కిలో మేలు చేసే దాని లక్షణాలు కొన్ని తారు రోడ్డుపై ప్రమాద హేతువులు కాగలవు. దీనికి కారణాలను భౌతిక శాస్త్రంలోని కొన్ని సరళ సూత్రాలతో గ్రహించవచ్చు.

ఆగే దూరం

అడ్డంకిని చూసిన క్షణం నుండి బ్రేకుపై కాలు మోపేవరకు డ్రైవరుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుందని అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ వ్యవధిలోనే 12.5 మీటర్లు ముందుకు సాగుతుంది. బ్రేకు పనిచేయడం ఆ తరువాతనే మొదలవుతుంది. కందిలోని ఐఐటీ హైదరాబాదు ప్రాంగణంలో డ్రైవరు లేని వాహనాల పరీక్షా కేంద్రం 2022లో ప్రారంభమైంది. అటువంటి వాహనాలు ప్రతిస్పందన కాలాన్ని తగ్గించగలవు గాని, చక్రానికీ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణను పెంచలేవు. బ్రేకు వేసిన తరువాత బండిని ఆపేది ఆ ఘర్షణే.

బ్రేకు లేని బరువు

రెండు టన్నుల ట్రాక్టరును ఉదాహరణగా తీసుకుందాం. దాని బరువులో సుమారు 1.4 టన్నులు వెనుక చక్రాలపై ఉంటాయి. బ్రేకులు కూడా ఆ చక్రాలకే ఉంటాయి. పొడి తారు రోడ్డుపై ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఒంటి ట్రాక్టరు బ్రేకు వేసిన పిమ్మట ఉజ్జాయింపుగా 7 మీటర్లలో ఆగుతుంది. దానికే ఆరు టన్నుల బరువుతో, బ్రేకులు లేని నాలుగు చక్రాల ట్రాలీని తగిలిస్తే మొత్తం బరువు ఎనిమిది టన్నులవుతుంది. ఆపే బలం మాత్రం పెరగదు. కనుక దూరం నాలుగింతలై 29 మీటర్లకు చేరుతుంది. ప్రతిస్పందన దూరాన్ని కలిపితే ఇది 41 మీటర్లు దాటుతుంది.

ఇందులో దోషం బరువుది కాదు, బ్రేకు లేని బరువుది. ప్రతి చక్రానికీ తగిన బ్రేకు ఉన్నట్లయితే, బరువుతోపాటు ఘర్షణ బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అప్పుడు ఆగే దూరం పెద్దగా మారదు. బ్రేకు లేని ట్రాలీ జడత్వం వలన ముందుకు సాగుతూ ట్రాక్టరును వెనుక నుండి నెడుతుంది. రోడ్డు తడిగా ఉన్నా, డ్రైవరు స్టీరింగు తిప్పినా, ట్రాక్టరు అడ్డం తిరిగి ట్రాలీతో కత్తెరలా ముడుచుకుపోయే ప్రమాదం ఉంది.

మలుపులో బోల్తా

లోడు ఎత్తు పెరిగేకొద్దీ గరిమనాభి పైకి జరుగుతుంది. చక్రాల నడుమ 1.6 మీటర్ల వెడల్పు ఉండి, గరిమనాభి నేల నుండి రెండు మీటర్ల ఎత్తున ఉన్న చెరకు ట్రాలీ, 15 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 28 కిలోమీటర్ల వేగానికే బోల్తాపడే స్థితికి చేరుతుంది. రోడ్డు అంచు దిగి ఒక చక్రం పల్లంలో పడితే ఇంకా తక్కువ వేగమే చాలు. సగం నిండిన నీటి ట్యాంకరులో నీరు ఒక పక్కకు ఒరగడం వలన కూడా ఇదే ముప్పు కలుగుతుంది.

చీకటిలో కనబడని ట్రాలీ

రాత్రివేళ 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు, 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ట్రాలీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తున్నట్లే. ఢీకొనకుండా వేగం తగ్గించుకోవడానికి, కారు డ్రైవరు ట్రాలీని గమనించేసరికి వాటి మధ్య కనీసం 45 మీటర్ల ఎడం ఉండాలి. ట్రాలీ ఆగి ఉంటే ఈ ఎడం 70 మీటర్లు కావాలి. వెనుక దీపం లేని మట్టిరంగు ట్రాలీ, దించిన హెడ్‌లైటు వెలుగులో 40 మీటర్ల దూరంలోనే కనబడిందనుకుంటే, ఎంత నేర్పరి డ్రైవరుకైనా తప్పించుకునే అవకాశం ఉండదు. గతిశక్తి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: 40 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం ఆరు మీటర్ల మేడపై నుండి పడడంతో సమానమైతే, 80 కిలోమీటర్ల వేగం 25 మీటర్ల తాటిచెట్టు పైనుండి పడడంతో సమానం.

రైతులు పాటించవలసిన జాగ్రత్తలు

• ట్రాలీకి ప్రత్యేక బ్రేకులు అమర్చుకోవాలి. అవి లేనంతవరకు లోడుతో 15 కిలోమీటర్ల వేగం మించరాదు. వేగం సగమైతే బ్రేకు దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. పై ఉదాహరణలో లోడు ట్రాలీ కూడా ఏడు మీటర్లలో ఆగుతుంది.

• పొలంలో మలుపు కోసం విడిగా వాడే కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు లాకుతో తప్పక కలపాలి. ఒక పక్క బ్రేకు మాత్రమే పడితే బండి ఆ వైపుకు తిరిగిపోతుంది.

• కేజ్ వీల్స్‌ను విప్పిన తరువాతే తారు రోడ్డుపైకి రావాలి. ఇనుముకు తారుపై పట్టు తక్కువ.

• ట్రాలీ వెనుక, పక్కల రేడియం స్టిక్కర్లు అతికించి, బురదను తుడుస్తూ ఉండాలి. ఇవి వంద మీటర్లకు పైబడిన దూరం నుండే మెరుస్తాయి. లోడు వేలాడి వాటిని కప్పివేయకుండా చూసుకోవాలి.

• బండి చెడిపోతే రోడ్డు దింపి నిలపాలి. వెనుక తగినంత దూరంలో హెచ్చరిక త్రికోణాన్ని ఉంచాలి. అడ్డుగా పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తొలగించాలి.

• లోడుపై కూలీలను కూర్చోబెట్టరాదు. బండి ఠక్కున ఆగినా వారి శరీరాలు అదే వేగంతో ముందుకు సాగుతాయి. పట్టి ఉంచే ఆధారం ట్రాలీలో ఉండదు.

పంట చేతికి రావడానికి నెలలు పడుతుంది. దానిని మార్కెట్టుకు చేర్చడంలో మరో అరగంట ఆలస్యమైనందువల్ల రైతుకు కలిగే నష్టం స్వల్పం.