మొక్కలకు లెక్క ఉంది... పసివాళ్లకు లేదు

అంగన్‌వాడీల వైపు తొంగిచూడని పంచాయతీలు

మహబూబ్‌నగర్‌: పంచాయతీ నాటించిన మొక్కల్లో నూటికి 85 బతికి తీరాలి. బతక్కపోతే సర్పంచి, కార్యదర్శి సంజాయిషీ చెప్పుకోవాలి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఈ సంగతిలో చాలా ఖచ్చితంగా ఉంది. పచ్చదనం కోసం బడ్జెట్‌లో పదో వంతు పక్కన పెట్టాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మంచిదే. ఎండిన మొక్కను ఎవరైనా చూస్తారు, అడుగుతారు.

అయితే అదే ఊళ్లో అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఈ నెల ఎందరు బరువు పెరిగారు, ఎందరు తగ్గారు, ఎందరు అసలు రావడమే మానేశారు అన్న లెక్క పంచాయతీ కార్యాలయంలోని ఏ పుస్తకంలోనూ కనిపించదు. ఆ లెక్క అంగన్‌వాడీ టీచర్ ఫోనులో ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోతుంది. ఊరి పెద్దల దాకా మాత్రం రాదు. వారూ అడగరు.

దాదాపు రెండేళ్లపాటు తెలంగాణ పంచాయతీలకు పాలకవర్గాలు లేవు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారులే పాలన నెట్టుకొచ్చారు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు కుర్చీల్లో కూర్చున్నారు. సగం స్థానాలు మహిళలవే. వీరిలో అంగన్‌వాడీ గడప తొక్కేది ఎందరన్నది పాలమూరు పల్లెల్లో తల్లులకు తట్టవలసిన ప్రశ్న.

నాలుగు కమిటీల్లో చోటు లేదు

రాజ్యాంగం ప్రకారం చూస్తే పసిపిల్లల బాగోగులు పంచాయతీకి పరాయి విషయం కాదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. అందులో 25వది మహిళా శిశు అభివృద్ధి. 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. అంతదాకా కాగితం బాగానే ఉంది.

2018 చట్టం దగ్గరికి వచ్చేసరికి గ్రామ పంచాయతీకి నాలుగు స్థాయీ సంఘాలు పెట్టారు. ఒకటి పారిశుధ్యం, చెత్త డంపింగ్ యార్డు, శ్మశానాలకు. రెండోది వీధి దీపాలకు. మూడోది మొక్కలకు. నాలుగోది పనులకు, సంతలకు. శ్మశానానికి కమిటీ ఉంది గాని ఉయ్యాలకు లేదు! జిల్లా పరిషత్తుకు మహిళా సంక్షేమం పేర ఒక స్థాయీ సంఘం ఉన్న మాట నిజమే. కాని అక్కడి నుంచి ఊళ్లోని పిల్లవాడి పళ్లెం కనిపిస్తుందా?

పంచాయతీరాజ్‌కు పాలమూరు పుట్టినిల్లు వంటిది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యవస్థను నెహ్రూ ప్రారంభించింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే. షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. పాత జిల్లా 2016లో ముక్కలై నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట వచ్చింది. జిల్లాలు చిన్నవై కలెక్టర్ దగ్గరయ్యారు. ఊరికి ఊరి అంగన్‌వాడీ మాత్రం దగ్గర కాలేదు.

ఎవరి సొమ్ము, ఎవరి పెత్తనం

అంగన్‌వాడీల పథకం, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు... ఇవీ ఆరు సేవలు. తెలంగాణలో ఇప్పుడు 35,700 కేంద్రాలు, 149 ప్రాజెక్టులు ఉన్నాయి. టీచర్‌ను నియమించేది శాఖ, గౌరవ వేతనం ఇచ్చేది శాఖ, తనిఖీకి వచ్చేది సూపర్‌వైజరు, ఆపైన సీడీపీఓ. ఒక్కో సూపర్‌వైజరు కింద పాతిక వరకు కేంద్రాలు ఉండడం మామూలే. నెలకొకసారి ఒక్కో కేంద్రం మొహం చూస్తే గొప్ప.

కేంద్రం ఉన్నది ఊళ్లో, పిల్లలు ఊరివాళ్లు, నీళ్లు పంచాయతీవి. కరెంటు పోయినా, మురుగు కాలువ గుమ్మం ముందు పొంగినా చూడవలసింది పంచాయతీయే. పెత్తనం మాత్రం ఎక్కడో ఉంది. దాంతో అది శాఖ సంగతి కదా అని సర్పంచి, పంచాయతీ పట్టించుకోదని శాఖ, ఒకరినొకరు చూపుకుంటూ ఉంటారు.

ఇది కేంద్ర ప్రభుత్వానికి తెలియక కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2011 మార్చి 31న ఇచ్చిన ఉత్తర్వులో ఢిల్లీ నుంచి ఊరి దాకా ఐదంచెల పర్యవేక్షణ కమిటీలు వేయాలని చెప్పింది. అట్టడుగు కమిటీ అంగన్‌వాడీ స్థాయిలోదే. వార్డు సభ్యురాలు అధ్యక్షురాలు, ఆశ కార్యకర్త, మహిళా సంఘం వారు, పిల్లల తల్లిదండ్రులు సభ్యులు, టీచరే కన్వీనరు. చాలా చోట్ల ఆ కమిటీ ఒక జాబితాగా పుట్టి జాబితాగానే మిగిలింది. తాను దానికి అధ్యక్షురాలినని తెలియకుండానే పదవీకాలం ముగించిన వార్డు సభ్యురాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆ తర్వాత గాలి మళ్లీ పైకే తిరిగింది. 2021 జనవరి మార్గదర్శకాలతో పోషకాహారం నాణ్యత, పర్యవేక్షణల బాధ్యత జిల్లా కలెక్టర్ల మీద పెట్టారు. అదే ఏడాది మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్ వచ్చింది. 2025 జూలై నుంచి ఇంటికి ఇచ్చే సరుకులకు తల్లి ముఖం ఫోనులో చూపితే గాని లెక్క పడదు. దొంగ పేర్లు తగ్గుతాయని సర్కారు వాదన. తగ్గవచ్చు. సిగ్నలు లేని తండాలో ఫోను పైకెత్తి తిరిగే టీచర్ల బాధ మాత్రం వేరు. ముఖం సరిపోయిందా లేదా అన్నదే ఫోను చెబుతుంది. ఆ పొడి తిన్నది పాపా, ఇంట్లో పెద్దవాళ్లా అన్నది పక్కింటి వార్డు సభ్యురాలికి తెలిసినంతగా ఫోనుకు తెలియదు.

పళ్లెంలో ఎంత

2013 ఆహార భద్రతా చట్టం మొదట పెట్టిన ప్రమాణాల ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లవాడికి అంగన్‌వాడీలో రోజుకు 500 కేలరీల తిండి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలి. బాగా బక్కచిక్కిన పిల్లలకు 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాములు. ఇది దయతో పెట్టేది కాదు, హక్కు. తెలంగాణలో మూడేళ్లలోపు పిల్లలకు గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన బాలామృతం నెలకు రెండున్నర కిలోల సంచి ఇస్తారు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేర ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు.

గుడ్డు దగ్గరే గొడవ. చిన్నవి వస్తున్నాయని, ఆలస్యంగా వస్తున్నాయని, నెలకు రావలసినవి ఒకేసారి దించి పోతే ఎండలకు కుళ్లుతున్నాయని ఏటా ఎక్కడో ఒకచోట ఫిర్యాదులు. సరఫరా గుత్తేదారుది. సంతకం టీచర్‌ది. తల్లులు నిలదీసేది కూడా టీచర్‌నే. ఆమె వెనుక ఊరు నిలబడితే లారీ దిగేటప్పుడే లెక్క తేలుతుంది. పాలక వర్గంలో ఒకరు ఆ పూట అక్కడ ఉండి ట్రేలు లెక్కించి నాలుగు గుడ్లు నీళ్ల గిన్నెలో వేసి చూస్తే చాలు. తేలిన గుడ్డు పాతదని ఏ అవ్వను అడిగినా చెబుతుంది. దీనికి ఏ జీవో అక్కరలేదు.

అయినా జీవో కన్న పెద్దదే ఉంది. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ స్థానిక సంస్థలు సామాజిక తనిఖీలు జరిపి ఫలితాలు జనానికి చెప్పాలంటోంది. రేషన్ దుకాణాలతో పాటు ఇతర సంక్షేమ పథకాలకూ అది వర్తిస్తుంది. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ ఎట్లా చేయాలో దేశానికి నేర్పిన రాష్ట్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పేరుంది. మట్టి పనికి కొలత పట్టిన ఊళ్లు పిల్లల పళ్లేనికి కొలత పట్టలేకపోవడమే విచిత్రం.

ఆంధ్రప్రదేశ్‌లో మరొక చిత్రం జరిగింది. 2023 డిసెంబరు 12 నుంచి అక్కడి అంగన్‌వాడీ సిబ్బంది 42 రోజులు సమ్మె చేసినప్పుడు, సచివాలయ సిబ్బందిని పంపి పలు కేంద్రాల తాళాలు తీయించారు, పగలగొట్టించారు కూడా. ఊరి ఆఫీసుకు అంగన్‌వాడీ దారి తెలియదని ఎవరనగలరు?

పాలమూరు లేబరు పిల్లలు

మిగతా జిల్లాల సంగతి ఎట్లున్నా ఇక్కడ మరో చిక్కు ఉంది. దసరా, దీపావళి దాటాక నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి కుటుంబాలు ముంబయి, పుణె, హైదరాబాద్ పనులకు వెళ్లడం తరతరాల కథ. ప్రాజెక్టుల నీళ్లు వచ్చిన చోట వలస తగ్గింది గాని పోలేదు. నడిచే పిల్లలను అవ్వల దగ్గర వదిలి, చంకలోని పిల్లలను వెంట తీసుకుపోతారు. పిల్లవాడికి తిండి అత్యంత అవసరమైన మొదటి రెండేళ్లూ ఇసుక కుప్పల పక్కన గడిచిపోతాయి.

వలస పోయిన చోట కూడా పేరు నమోదు చేయించుకుని అంగన్‌వాడీ సేవలు పొందే వీలు పోషణ్ ట్రాకర్‌లో ఉంది. ఆ మాట మేస్త్రీకి తెలియదు, తల్లికి తెలియదు. ఏ ఇంటికి తాళం పడింది, ఏ ఊరికి పోయారు, ఎందరు పిల్లలు అన్నది పంచాయతీకి తెలుసు. ఎన్నికల రోజున బస్సులు పెట్టి పిలిపించే ఊళ్లకు ముంబయిలో ఎవరు ఏ బస్తీలో ఉన్నారో అడ్రసులతో సహా తెలుసు. ఆ జాబితానే టీచర్‌కు ఇస్తే పని సగం అయిపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల్లో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. 31.8 శాతం తక్కువ బరువు. 21.7 శాతం ఎత్తుకు తగ్గ బరువు లేరు. నూటికి 70 మందిలో రక్తహీనత. నలుగురిని నిలబెడితే ముగ్గురి కనురెప్పల లోపలి భాగం పాలిపోయి కనిపించే లెక్క ఇది.

వార్డు సభ్యురాలు చూడదగినవి

పెద్ద చదువు అక్కరలేదు. రెండేళ్ల మగపిల్లవాడు 12 కిలోలకు అటూఇటూ ఉంటాడు. 9.7 కిలోల కిందికి దిగితే తక్కువ బరువు. 8.6 కన్న తక్కువైతే ప్రమాదం. ఆడపిల్లకు ఆ అంకెలు 9, 8.1. జబ్బ కొలిచే టేపు ఉంటుంది. అందులో 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు. ఎరుపులో పడిన బిడ్డను ఆ రోజే ఏఎన్‌ఎంకు చూపాలి. బరువు తూచే కాటా సున్నా దగ్గర నిలుస్తోందా, ఎత్తు కొలిచే పట్టీ గోడకు ఉందా లేక బీరువా వెనుక ఉందా, పిల్లలు తాగే నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డికి నీళ్లున్నాయా... పది నిమిషాల పని.

ఎరుపులో పడిన పిల్లవాడిని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపితే తల్లి రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాలి. కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లలున్నారు. అందుకే చాలామంది మూడో రోజుకే తిరిగివస్తారు, కొందరు అసలు పోరు. ఇక్కడ టీచర్ చేయగలిగింది చాలా తక్కువ. ఆ రెండు వారాలు ఇల్లు చూసే మనిషిని కుదర్చడం మహిళా సంఘం, వార్డు సభ్యురాలు తలుచుకుంటే అయ్యే పని. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా గరిష్ఠంగా వచ్చే రూ. 10 వేలలోంచి దారి ఖర్చులు భరించవచ్చు. ఆ సొమ్ము ఎక్కువ ఊళ్లలో బ్లీచింగు పొడికే సరిపోతోంది.

పర్యవేక్షణ అంటే టీచర్ మీద విరుచుకుపడడం అనుకునేవారూ లేకపోలేదు. 2021లో పెంచాక తెలంగాణలో టీచర్ వేతనం రూ. 13,650, ఆయాది రూ. 7,800 అయింది. దానికి ఓటర్ల జాబితా పని, ఆ సర్వే, ఈ సర్వే, పైగా అప్పుడప్పుడు అద్దె బకాయి. కేంద్రానికి రావడం మానేసిన టీచర్లు లేరని కాదు. ఉన్నారు, వారిని అడగాల్సిందే. కాని ఓటు వేయలేదన్న కోపంతో తనిఖీకి పోయే సర్పంచి వల్ల కేంద్రం బాగుపడదు. తనకు కావలసిన వారిని ఆయాగా పెట్టించుకోవడం కోసం కొట్లాడే శ్రద్ధలో కొంత గుడ్ల ట్రే మీద పెడితే మేలని తల్లులు అనుకోవడం సహజం.

చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కేంద్రం పెట్టిన తొమ్మిది అంశాల్లో బాలల హిత గ్రామం ఒకటి. సభలో అంగన్‌వాడీ టీచర్ లేచి, ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు ఇందరు, ఎరుపులో ఉన్నవారు ఇందరు, వలసపోయినవారు ఇందరు అని పేర్లు లేకుండా అంకెలు చదివితే ఐదు నిమిషాలు పడుతుంది. గ్రామసభ నోటీసుల్లో వీధి దీపాలు, పన్నుల వసూళ్లు, నర్సరీ తప్పకుండా ఉంటాయి. అంగన్‌వాడీ టీచర్‌కు ఆ నోటీసు అందుతోందో లేదో పంచాయతీ కార్యదర్శులే చెప్పాలి.