వెబ్‌క్యామ్ ఆగిపోయిందా? లోపం కెమెరాలోనే ఉండాలని లేదు

ల్యాప్‌టాప్‌లో వెబ్‌క్యామ్ పనిచేయకపోతే చాలామంది వెంటనే 'కెమెరా పాడైపోయింది' అనే నిర్ణయానికి వచ్చేస్తారు. తెర పై అంచున ఉండే ఆ చిన్న కటకం బాగానే ఉండి, అది తీసిన బొమ్మ తెర మీదికి చేరే దారిలో మరెక్కడో అడ్డు పడి ఉండవచ్చు. ఆ అడ్డు ఒక్కోసారి వేలితో జరిపితే పోయేంత చిన్నది కూడా.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, కెమెరా ముందు కూర్చుని రాయాల్సిన పరీక్ష, ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో సంప్రదింపు, విదేశాల్లో ఉన్న పిల్లలతో మాటామంతీ... వీటన్నింటికీ ఇప్పుడు ఆ కటకమే ఆధారం. సరిగ్గా సమయానికి అది మొరాయిస్తే కంగారు పుడుతుంది. ఆ కంగారులో విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించి ఫైళ్లు పోగొట్టుకునేవారు, అవసరం లేని మరమ్మతుకు డబ్బు పోసేవారు ఉంటారు. బొమ్మ ప్రయాణించే దారి తెలిస్తే ఈ నష్టం తప్పుతుంది.

కాంతి నుంచి తెర దాకా

కటకం గుండా వచ్చిన కాంతి సీమాస్ సెన్సార్ అనే సిలికాన్ పలక మీద పడుతుంది. పలక మీది ప్రతి చుక్కా తన మీద పడిన కాంతిని విద్యుదావేశంగా మారుస్తుంది. చుక్కలకు రంగు తెలియదు కాబట్టి వాటిపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు అమరుస్తారు. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ లభించిన ఈ అమరికలో సగం చుక్కలు ఆకుపచ్చవే. మన కన్ను వెలుగులోని తేడాలను ఆ రంగు ప్రాంతంలోనే ఎక్కువగా పసిగడుతుంది.

ఇక లెక్క చూద్దాం. 1280×720 బొమ్మలో 9,21,600 చుక్కలు ఉంటాయి. చుక్కకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 30 బొమ్మలు పంపాలంటే సెకనుకు దాదాపు 44 కోట్ల బిట్లు కదలాలి. యూఎస్‌బీ 2.0 దారి గరిష్ఠ వేగం సెకనుకు 48 కోట్ల బిట్లే, అందులోనూ కొంత భాగం నిర్వహణకే పోతుంది. అందుకే చాలా కెమెరాలు బొమ్మను ముందే కుదించి పంపుతాయి.

ఇక్కడ యూఎస్‌బీ ప్రస్తావన ఎందుకంటే, ల్యాప్‌టాప్‌లో అంతర్భాగమే అయినా చాలా వెబ్‌క్యామ్‌లు నిజానికి లోపల తగిలించిన యూఎస్‌బీ పరికరాలు. సన్నని కేబుల్ ఒకటి తెర అంచు నుంచి మడత బందు గుండా కింది మదర్‌బోర్డుకు వెళుతుంది. అక్కడ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ సమాచారాన్ని అందుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతిస్తే అది యాప్‌కు చేరుతుంది. సెన్సార్, కేబుల్, డ్రైవర్, అనుమతి, యాప్... దారిలో మజిలీలు ఇవి. బొమ్మ ఏ మజిలీ దగ్గర ఆగిందో కనిపెట్టాలి.

నల్లబొమ్మ వేరు, కెమెరా దొరకకపోవడం వేరు

ముందుగా విండోస్‌తో వచ్చే కెమెరా యాప్ తెరిచి, ఏం కనిపిస్తుందో చూడాలి. బొమ్మ పూర్తి నల్లగా ఉండి, కటకం పక్కన దీపం వెలుగుతుంటే అది దాదాపు శుభవార్తే. కేబుల్, డ్రైవర్, అనుమతి సరిగ్గానే ఉన్నాయని, సెన్సార్‌కు కాంతి అందడం లేదని దాని అర్థం. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో కటకం మీద జరిపే చిన్న మూత ఉంటుంది. అది మూసుకుని ఉందేమో, ఎప్పుడో అంటించిన స్టిక్కర్ మిగిలి ఉందేమో చూస్తే సరిపోవచ్చు.

'కెమెరా కనబడలేదు' అన్న సందేశం వస్తే కథ వేరు. కొన్ని మోడళ్లలో పక్క అంచున మీట గానీ, కీబోర్డు పై వరుసలో కెమెరా బొమ్మ ఉన్న మీట గానీ ఉంటుంది. దాన్ని పొరపాటున నొక్కితే కొన్నింటిలో కెమెరాకు సంబంధమే తెగిపోయి, పరికరాల జాబితా నుంచి కూడా మాయమవుతుంది. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లేముందు ఈ మీటను చూడాలి.

అనుమతి, పోటీ

కెమెరా యాప్‌లో బొమ్మ వచ్చి, వీడియో కాల్‌లో రాకపోతే పరికరం నిక్షేపంగా ఉన్నట్టే. విండోస్ సెట్టింగ్స్‌లోని 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' విభాగంలో కెమెరా అనుమతులు ఉంటాయి. అక్కడ డెస్క్‌టాప్ యాప్‌లకు వేరే మీట ఉందన్న సంగతి చాలామంది గమనించరు. బ్రౌజర్‌లో మాట్లాడుతుంటే ఆ వెబ్‌సైటుకు మళ్లీ విడిగా అనుమతి ఇవ్వాలి. కాల్ యాప్ సెట్టింగ్స్‌లో వేరే కెమెరా ఎంపికై ఉందేమో కూడా చూడాలి.

పోటీ మరో కారణం. విండోస్‌లో సాధారణంగా ఒక యాప్ కెమెరాను వాడుతుండగా ఇంకో యాప్‌కు అది దొరకదు. ముందటి కాల్ తాలూకు యాప్ వెనకాల ఇంకా తెరిచే ఉండవచ్చు. అన్నీ మూసి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేస్తే ఈ చిక్కు వీడిపోతుంది.

డ్రైవర్ వంతు

వెబ్‌క్యామ్‌లన్నీ ఒకే భాష మాట్లాడేలా 2003లో యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ప్రమాణం వచ్చింది. అందువల్ల చాలా కెమెరాలకు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందే ఉన్న డ్రైవర్ చాలు. డివైజ్ మేనేజర్‌లో కెమెరా పేరు మీద కిందికి చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని ఎవరో నిలిపివేశారని అర్థం, 'ఎనేబుల్' నొక్కాలి. పసుపు గుర్తు ఉంటే ఆ పరికరాన్ని 'అన్‌ఇన్‌స్టాల్' చేసి రీస్టార్ట్ చేయాలి. విండోస్ దాన్ని మళ్లీ గుర్తించి డ్రైవర్‌ను తిరిగి పెట్టుకుంటుంది. అప్‌డేట్ తర్వాతే చిక్కు మొదలైతే 'రోల్ బ్యాక్ డ్రైవర్' ద్వారా పాతదానికి వెళ్లవచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూశాకే రెండోది చేయాలి. నాలుగూ కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

తేల్చి చెప్పే పరీక్ష

ఇవేవీ ఫలించకపోతే లోపం హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అని తేల్చే పరీక్ష ఒకటుంది. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి ల్యాప్‌టాప్‌ను నడపవచ్చు. అక్కడ కెమెరా పనిచేస్తే సెన్సార్, కేబుల్ బాగున్నాయి, తప్పు విండోస్ వైపు ఉంది. అక్కడా కనబడకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం బలపడుతుంది.

అప్పుడు మడత బందు గుండా పోయే కేబుల్‌ను గుర్తు చేసుకోవాలి. మూత తెరిచి మూసిన ప్రతిసారీ అది వంగుతుంది. మూతను నెమ్మదిగా కదుపుతుంటే ఒక కోణంలో బొమ్మ వచ్చి మరో కోణంలో పోతోందంటే, కేబుల్ నలిగిందనో, వదులైందనో అనుకోవచ్చు. తెర విప్పడం సొంతంగా చేయదగిన పని కాదు. మరమ్మతు దుకాణంలో 'కెమెరా పోయింది' అనే బదులు ఈ లక్షణం చెబితే మెకానిక్ ముందు కేబుల్‌నే చూస్తాడు. మరమ్మతు గిట్టుబాటు కాదనుకుంటే విడిగా దొరికే యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌తో పని గడుస్తుంది.

బొమ్మ వస్తున్నా అడ్డంగా చారలు కదులుతుంటే అది చెడిపోవడం కాదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కెమెరా అమరిక 60 హెర్ట్జ్‌కు ఉంటే ఈ చారలు కనిపిస్తాయి, 50కి మార్చాలి.

సాయం పేరుతో మోసం

సహాయం కోసం ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన 'కస్టమర్ కేర్' నంబరుకు ఫోన్ చేయడం ప్రమాదం. మీ ల్యాప్‌టాప్‌ను దూరం నుంచి నడిపే యాప్ పెట్టించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ముఠాలు ఉన్నాయి. కంపెనీ నంబరును ల్యాప్‌టాప్‌తో వచ్చిన కాగితాల నుంచో, అధికారిక వెబ్‌సైటు నుంచో తీసుకోవాలి. అప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.

కెమెరా బాగయ్యాక, అది ఎలా ఆగిందో తెలియకపోతే అనుమతుల జాబితాను మరోసారి చూడటం మంచిది. పేరు తెలియని యాప్‌కు అక్కడ అనుమతి ఉంటే తీసేయాలి. వాడనప్పుడు మూత మూసి ఉంచాలి. లేకపోతే పలచని కాగితం ముక్క చాలు. మందపాటి కవర్లు అంటించి ల్యాప్‌టాప్ మూస్తే తెర అద్దమే పగిలే ప్రమాదం ఉంది.