నది ఒడ్డు ఎవరి పేరు మీద ఉంది?

నదిని కాపాడాలి అనగానే మనకి నీళ్లే గుర్తొస్తాయి. మురుగు కలవకుండా ఆపాలి, ప్లాస్టిక్ తీసెయ్యాలి అంటాం. నిజమే, కానీ ఊళ్లో పారే నదికి నీళ్లు ఎంత ముఖ్యమో ఒడ్డు కూడా అంతే ముఖ్యం. ఒడ్డున మట్టి, చెట్లు ఉంటే వాన నీళ్లు కొంత అక్కడే ఇంకుతాయి. వరదొస్తే నది పక్కకి పరుచుకోవడానికి చోటుంటుంది. అదే ఒడ్డు నిండా కాంక్రీటు పోస్తే, రోడ్డు మీది నూనె, చెత్త అంతా నేరుగా నదిలోకి, వరద నేరుగా పక్క కాలనీలోకి వెళ్తాయి.

చెత్త తీసెయ్యడానికి ఒక ఆదివారం చాలు. బిల్డింగ్ కట్టేసిన ఒడ్డుని మాత్రం వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే అసలు ప్రశ్న ఇది: ఆ ఒడ్డు ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రశ్న దగ్గర పని మొదలుపెట్టే సంస్థనే ల్యాండ్ ట్రస్ట్ అంటారు.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే గుడి మాన్యం లాంటిది. భూమి ఉంటుంది, కానీ ఎవరూ సొంతానికి అమ్ముకోకూడదు, ఒక పని కోసమే ఉంచాలి. (మాన్యాలు కూడా కబ్జా అవుతాయి కదా అంటారా? ఆ విషయానికీ వస్తాను.) అమెరికాలో ఈ ఆలోచన పాతదే. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రంలో చార్ల్స్ ఎలియట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చొరవతో ఇలాంటి మొదటి సంస్థ వచ్చింది. పుస్తకాల కోసం లైబ్రరీ, బొమ్మల కోసం మ్యూజియం ఉన్నట్టే, మంచి స్థలాల కోసం కూడా ప్రజల తరఫున ఒక సంస్థ ఉండాలన్నది ఆయన వాదన.

ట్రస్ట్ పని ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, స్థలాన్ని కొనడం లేదా దానంగా తీసుకోవడం. రెండు, కొని ప్రభుత్వానికి అప్పగించడం. ఓనర్ అమ్మేది ఈ నెలలో అయితే, ప్రభుత్వం బడ్జెట్ వచ్చేది ఎప్పుడో. ఆ గ్యాప్‌లో బిల్డర్ కంటే ముందు ట్రస్ట్ వెళ్లి కొంటుంది. మూడోది నాకు బాగా నచ్చింది, దాని పేరు కన్జర్వేషన్ ఈజ్‌మెంట్.

ఇది మన సీఎస్ఈ వాళ్లకి ఈజీగానే అర్థమవుతుంది. ఒక ఫైల్‌కి రీడ్, రైట్, ఎగ్జిక్యూట్ అని పర్మిషన్లు విడివిడిగా ఉన్నట్టే, భూమి మీద హక్కులు కూడా విడివిడిగా ఉంటాయి: అక్కడ ఉండే హక్కు, అమ్మే హక్కు, కట్టే హక్కు. ఈజ్‌మెంట్‌లో ఓనర్ మిగతావన్నీ ఉంచుకుని, కట్టే హక్కుని మాత్రం వదులుకుంటాడు. బదులుగా చాలా సందర్భాల్లో టాక్స్ తగ్గుతుంది, కొన్నిసార్లు డబ్బు కూడా వస్తుంది. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఈ ఒప్పందం మనిషితో కాదు, భూమితో ఉంటుంది. రేపు ఆ భూమిని ఎవరు కొన్నా ఆ పర్మిషన్ తిరిగి రాదు.

షికాగోకి ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్వాకీ నగరాన్నే చూడండి. అక్కడి నదికి వందేళ్లకు పైగా నార్త్ అవెన్యూ దగ్గర డ్యామ్ అడ్డంగా ఉండేది. వెనక నీళ్లు నిలిచిపోయి అడుగున బురద పేరుకుంది. 1997లో ఆ డ్యామ్ తీసేశారు. నీటి మట్టం తగ్గి కొత్త నేల బయటపడింది, పచ్చదనం వచ్చింది, మిషిగన్ సరస్సు నుంచి చేపలు మళ్లీ పైకి ఈదుకుంటూ వచ్చాయి.

సమస్య కూడా అక్కడే ఉంది. కంపు కొట్టే నది పక్కన ఫ్లాట్ ఎవరూ కొనరు. నది అందంగా మారగానే, రివర్ వ్యూ అని బోర్డు పెట్టి అమ్మొచ్చు. అంటే నదిని బాగు చేసినందుకే ఒడ్డుకి ప్రమాదం పెరుగుతుంది. 1994లో మొదలైన రివర్ రీవైటలైజేషన్ ఫౌండేషన్ అనే ల్యాండ్ ట్రస్ట్ అక్కడ చేస్తున్న పని ఇదే. ఒడ్డు ముక్కల్ని కొనడం, ఈజ్‌మెంట్లు తీసుకోవడం, నడక దారులు వేయడం, బక్‌థార్న్ లాంటి బయటి పొదల్ని పీకి స్థానిక మొక్కలు నాటడం. నగరం కూడా ఒడ్డు పక్క కట్టడాలకి ప్రత్యేక నియమాలు పెట్టింది. ఇప్పుడు ఊరి మధ్యలో నది వెంట 800 ఎకరాలకు పైగా పచ్చని ప్రాంతం ఉంది. అందులో పాత ఫ్యాక్టరీ స్థలం ఉన్న చోట 2013లో ఒక వృక్షవనం కూడా తెరిచారు.

ఇప్పుడు కబ్జా సంగతి. కాగితం తనంతట తాను దేన్నీ కాపాడదు. అందుకే మంచి ట్రస్టులు ఏటా వెళ్లి ప్రతి స్థలాన్నీ చూసి ఫొటోలు తీసి రికార్డు పెడతాయి. కోర్టుకి వెళ్లాల్సి వస్తుందని ముందే ఫండ్ పక్కన పెడతాయి. కొనడం ఒక్కసారి ఖర్చు, కాపలా మాత్రం ఎప్పటికీ ఖర్చు.

ట్రస్ట్ అన్నీ చేయలేదు. ఎగువ నుంచి వచ్చే మురుగుని ఒడ్డు భూమి ఆపలేదు. పార్కు వచ్చాక చుట్టుపక్కల అద్దెలు పెరిగితే, ఇన్నాళ్లూ ఆ కంపు భరించిన వాళ్లే ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు. ఆ విషయం ముందే ఆలోచించకపోతే నది దక్కుతుంది, పొరుగువాళ్లు పోతారు.

మరి మన దగ్గర? మన ఈజ్‌మెంట్స్ చట్టం 1882 నాటిది. దాని ప్రకారం ఈజ్‌మెంట్ అనేది ఒక భూమి వాడకం కోసం పక్క భూమి మీద ఉండే హక్కు, అంటే మన పొలానికి వెళ్లే దారి లాంటిది. పక్కన సొంత భూమి లేని సంస్థకి అది వర్తించదు. అమెరికాలోనూ పాత న్యాయ సూత్రాలు దాదాపు ఇలాగే అడ్డుపడేవి. అందుకే 1981లో ఒక నమూనా చట్టం రాశారు, చాలా రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. అంటే అక్కడ కూడా ఇది మొదటి నుంచీ ఉన్న సౌకర్యం కాదు, అవసరం చూసి రాసుకున్న రూల్.

ఈసారి ఏదైనా నది ఒడ్డున ఖాళీ స్థలం కనిపిస్తే, ఎంత బాగుందో అనుకుని ఊరుకోకుండా అది ఎవరి పేరు మీద ఉందో కూడా అడగండి. ఖాళీగా ఉండటం వేరు, ఖాళీగానే ఉండిపోయేలా ఎవరో చూసుకోవడం వేరు.