256 వన్నెల పెట్టె

తొంభైలలో బళ్లారి గాంధీనగర్ వంటి పేటలందు డీటీపీ దుకాణములు తెలుగు కన్నడములు రెంటను పెండ్లిపత్రికలు కూర్చుచుండిన కాలమున, క్రొత్త ప్రోగ్రామును కంప్యూటరులో నెక్కించి తెఱచినంతనే వినాయకుని మోము ఆకుపచ్చబాఱుటయో, మీటలన్నియు నల్లని పలకలగుటయో, రంగులు చాలవని యొక హెచ్చరిక చూపి ప్రోగ్రామే మూతపడుటయో సంభవించుట వింత గాదు. నింద మాత్రము మానిటరుపై బడుచుండెను; పాపము, అది నిర్దోషి.

దోషమూలము నెఱుగుటకు 1973వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయమునకు బోవలయును. అచట రిచర్డ్ షూప్ సూపర్‌పెయింట్ అను చిత్రలేఖన యంత్రమును నిర్మించి, తెరపై ప్రతిబిందువునకును 8 బిట్ల మెమరీ కేటాయించెను. ఆ 8 బిట్లలో 0 మొదలు 255 వఱకు సంఖ్యలే పట్టును. ఆ సంఖ్య రంగు గాదు, రంగులపట్టికలో గడి సంఖ్య. ఆ గడిలో వ్రాసియున్న ఎఱుపు, ఆకుపచ్చ, నీలముల పాళ్లను బట్టి బిందువు వెలుగును. మెమరీ మిక్కిలి ప్రియమైన యా దినములలో ఇది మెచ్చదగిన పొదుపు. 1987లో ఐబీఎం వారి వీజీఏ యిదే మార్గమున 2,62,144 వన్నెలలోనుండి 256 ఏఱుకొను వెసులుబాటును సామాన్యుల బల్లపైకి దెచ్చెను; అదియు 320×200 బిందువుల తెరపైననే.

పట్టిక యొక్కటి, ప్రోగ్రాములు పెక్కు: చిక్కంతయు నిచటనే గలదు. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ నటించిన యూరివారికి దీనిని దెలుపుట సులభము. తెరవెనుక రంగులపెట్టె యొకటే యుండి, నాయకుడు తనకు వలసిన వన్నెలను దానిలో నింపుకొనగానే, అప్పటికే వేషము దిద్దుకొన్న ప్రతినాయకుని మోము దానంతటదే మాఱిపోయినచో నెట్లుండును? 256 గడులలో విండోస్ 20 తనకై యట్టిపెట్టుకొని, మిగిలినవానిని ముందున్న ప్రోగ్రామునకు విడిచెడిది. వెనుకనున్న కిటికీల గతి యంతే. ఇక, యంత్రమున కెన్ని రంగులు గలవో విచారింపకయే లక్షలున్నవని తలంచి వ్రాసిన ప్రోగ్రాము తొట్రుపడుటలో నాశ్చర్య మేమున్నది? నా దృష్టిలో నేరము అడుగని వానిదే.

ఆ దినములలో చికిత్సకు బూనువాడు తొలుత డిస్‌ప్లే సెట్టింగులు చూడవలసియుండెను. వీడియోకార్డున 1 ఎంబీ, అనగా 10,48,576 బైట్ల మెమరీ యున్నదనుకొనుడు. 1024×768 తెరకు బిందువున కొక బైటు చొప్పున 7,86,432 చాలును. 256కు మించి వన్నెలిచ్చు 16 బిట్ల రంగు గోరినచో 15,72,864 కావలయును గావున మెనూలో నా యంకమే కానరాదు. తెరను 800×600కు దించినచో 9,60,000 బైట్లతో 16 బిట్ల రంగు సుఖముగా నమరును. క్రొత్త కార్డు కొనకయే తీఱు కష్ట మిది. దీని నెఱుగక డబ్బు వెచ్చించినవారు లేకపోలేదు.

మెమరీ పుష్కలముగా నుండియు 16 రంగులే కనబడినచో డ్రైవరును శంకింపవలయును. తగిన డ్రైవరు లేనప్పుడు విండోస్ 95 సామాన్య వీజీఏ పద్ధతికి దిగిపోవును; కార్డు తయారీదారుని డ్రైవరు నెక్కించి యంత్రమును మరల ప్రారంభించిన జాలును.

పిమ్మట కథ తలక్రిందులైనది. 24 బిట్లతో 1,67,77,216 రంగులు చూపు తెరపై, 256కే యలవాటుపడిన పాత ఆటలు మొరాయించెడివి. అట్టివానికై విండోస్ ఎక్స్‌పీలో ప్రోగ్రాము గుర్తుపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పుటను దెఱచి, 256 రంగులలో నడుపు గడిని టిక్కు చేయవలసియుండెను.