నాణెం విలువ

చెలామణిలో ఉన్నంతకాలం నాణెం విలువ దానిపై ముద్రించిన అంకెను బట్టి తెలుస్తుంది. చెలామణి తప్పిన పిమ్మట దాని వెలను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు. ఒకటి అరుదుదనం, రెండవది నాణెం స్థితి. పాతదైతే చాలు, వెల అధికమని చాలామంది తలుస్తారు. అది సరికాదు.

సంగారెడ్డి సమీపంలోని కొండాపూర్ ఇందుకు నిదర్శనం. అక్కడి దిబ్బపై 1940వ దశకం తొలినాళ్ళలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో శాతవాహనుల నాణేలు పెద్దసంఖ్యలో లభించాయి. శాతవాహనులు ఎక్కువగా సీసంతోను, రాగితోను, పోటిన్ అనే మిశ్రమలోహంతోను నాణేలు వేయించారు. అవి నేటికీ విరివిగా దొరుకుతాయి. రాజు ముఖం ముద్రించిన వెండి నాణేలు మాత్రం మిక్కిలి అరుదు. కనుక వాటి వెల అధికం. ఇక ఆరవ జార్జి పేర 1939లో వెలువడిన వెండి రూపాయికి నూరేళ్ళయినా నిండలేదు. అయినా మిగిలినవి బహుకొద్ది కావడంచేత, రెండువేల ఏండ్లనాటి సాధారణ సీసపు నాణెం కంటె అది ఎన్నోరెట్లు ఎక్కువ వెల పలుకుతుంది.

ఒకే అచ్చున పడిన రెండు నాణేలకైనా వెల ఒకటి కాదు. అక్షరాలు, బొమ్మ, అంచు స్పష్టంగా ఉన్నదానికి ఆదరణ ఎక్కువ. అరిగినదానికి, కాసులపేరు కోసం రంధ్రం చేసినదానికి తక్కువ. చిలుము పట్టిందని చింతపండుతో తోమితే నాణెం మెరుస్తుంది గాని, పైపొరతోపాటు సన్నని అక్షరాలు కూడా పోతాయి. వెలా తగ్గుతుంది.

అయితే సేకర్తకు లోపంగా కనిపించేది చరిత్రకారునికి ఆధారం కావచ్చు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాత వంశీయుడైన నహపాణునివి. వాటిలో అధికభాగంపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి వేయించాడు. ఒక ముద్రపై మరొకటి పడి చెదిరినట్లున్న ఆ నాణేలే శాతకర్ణి విజయానికి సాక్ష్యాలైనాయి.

నాణెం దొరికిన చోటు తెలిసినప్పుడే ఇట్టి సాక్ష్యం నిలుస్తుంది. పొలం దున్నుతుండగా దొరికిన నాణేలను కరిగిస్తే మిగిలేది లోహం వెల మాత్రమే. పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నది. తోమకుండా, కరిగించకుండా, దొరికిన చోటును గుర్తుపెట్టుకొని అధికారులకు అప్పగించడం ఆ నాణేనికే కాదు, ఆ ఊరి చరిత్రకు చేసే మేలు.