తుపాకికి తగిన తూటా

పైరుకాపుదలకో, యింటి కాపుదలకో లైసెన్సు తుపాకి గల సభ్యులు మన గ్రామములలో నేటికిని గలరు. వారిలో పెక్కురు తుపాకిని గూర్చి యెంతయో విచారింతురు గాని తూటాను గూర్చి విచారింపరు. దుకాణమునకు బోయి "పండ్రెండు బోరు తూటాలు పది యిమ్ము" అని యడిగి, అతడిచ్చినవి సంచిలో వేసికొని వత్తురు. విత్తనములు కొనునప్పుడు రకమడిగి, యేయేటి పంటయో యడిగి, అఱచేత బోసికొని చూచెడి రైతు, తూటా విషయమున నింత యుపేక్ష వహించుట మాకు వింతగా దోచుచున్నది. చెడు విత్తనమువలన నొక పంట పోవును. తగని తూటావలన తుపాకి పట్టినవాని చేయి పోవచ్చును. గోడ కావల నిద్రించు పొరుగింటి బిడ్డ ప్రాణమే పోవచ్చును. కావున నీ నెల యీ సంగతిని కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా బోరనగా నేమో తెలియవలెను. ఒక పౌను సీసమును పండ్రెండు సమభాగములు చేసి గుండ్లు పోసినచో, అందొక గుండు సరిగా పట్టెడి గొట్టము పండ్రెండు బోరుది. ఆ పౌను సీసమునే యిరువది గుండ్లు చేసినచో గుండు చిన్నదగును. అది పట్టునది యిరువది బోరు. అందుచే నంకె పెరిగినకొలది గొట్టము సన్నమగును. 12 బోరు గొట్టపు లోవ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు, 16 బోరుది 16.8, 20 బోరుది 15.6.

ఇందుండి పుట్టెడి ప్రమాద మొకటి గలదు. ఇంట 12 బోరు తుపాకియు 20 బోరు తుపాకియు రెండును ఉన్నచో, చీకటిలో తొందరపాటున 20 బోరు తూటాను 12 బోరు గొట్టములో వేయుట సంభవించును. అది మూతిగుండ జారి క్రిందపడదు. తూటా కూర్చుండెడి గదిని దాటి, గొట్టము సన్నబడుచోట తన యిత్తడి యంచుతో తట్టుకొని నిలుచును. వెనుకనుండి చూచువానికి గది ఖాళీగా నగపడును. తూటా వేయుట మఱచితిననుకొని యతడు 12 బోరు తూటా నొకదానిని వేసి మీట నొక్కును. వెనుకటి తూటా పేలి ముందరిదానిని తాకగా గొట్టము పగులును. ఆ పగులునది యెడమచేయి పట్టుకొనియుండు తావునకు మిక్కిలి సమీపమున. ఈ హేతువుచేతనే పెక్కు దేశములలో 20 బోరు తూటాలకు పసుపుపచ్చని గొట్టమును వాడుచున్నారు. రెండు బోరుల తుపాకులు గల యింట రెండింటి తూటాలను వేర్వేఱు పెట్టెలలో, వేర్వేఱు గదులలో నుంచుటే మేలు. ఒక్క సంచిలో నెన్నడును కలుపరాదు.

బోరు సరిపోయినంతమాత్రమున తూటా సరిపోయినట్లు కాదు. గది పొడవును చూడవలెను. 12 బోరు తుపాకులలో గదులు ముఖ్యముగా 65, 70, 76 మిల్లీమీటర్లవి. పాత యింగ్లీషు లెక్కను రెండున్నర, రెండుముప్పావు, మూడంగుళములు. తూటా పెట్టెపై వ్రాసిన పొడవు పేలినపిమ్మట మూతి విచ్చుకొన్న తూటా పొడవే గాని పేలకముందరిది గాదు. మోసమిచ్చటనే యున్నది. మూతి మడచియుండుటచే 70 మి.మీ. తూటా 65 మి.మీ. గదిలో సులభముగా దిగును, తుపాకియు మూతపడును, లోపమేమియు గనబడదు. పేలునప్పుడు ఆ మడత విచ్చుకొనుటకు చోటుచాలక గొట్టము సన్నబడు తావున నిఱుకుకొని, గుండ్లు పోవు దారిని కుదించును. లోపలి యొత్తిడి తుపాకి తాళగల హద్దును మీఱును. ఒకనాడే పగులకపోవచ్చును, కీలు వదులై, గొట్టము ఉబ్బి, మఱియొకనాడు పగులవచ్చును. పొట్టి తూటాను పొడవు గదిలో వేయుటవలన నిట్టి యపాయము లేదు. గది పొడవు సాధారణముగా గొట్టముల యడుగుప్రక్కను చెక్కబడియుండును. తుపాకిని విప్పి చూచుకొనవలెను; చదువ తెలియనిచో లైసెన్సుగల తుపాకి పనివానికి చూపవలెను.

తాతలనాటి యింగ్లీషు తుపాకులు గలవారు ఇంకను జాగ్రత్తపడవలెను. ఇనుమును ఉక్కును పేనినట్లు పురిపెట్టి చేసిన చారల గొట్టములు నల్లమందు కాలమువి. నేటి పొగలేని మందు తూటాలు వానిలో పేల్చదగవు. గొట్టముపై నైట్రో మందుకు పరీక్షింపబడినట్లు ముద్ర లేనిచో దానిని గోడకు వ్రేలాడు జ్ఞాపకముగా నెంచుట మంచిది. 1875 మొదలు 1887 వఱకు మూతి బిగించి చేసిన యింగ్లీషు గొట్టములపై "నాట్ ఫర్ బాల్" అని చెక్కుచుండిరి. ఒంటిగుండు తూటాను దీనిలో పేల్చరాదని దాని యర్థము.

ఇక తూటాలోని గుండ్లు. ఇంగ్లీషు వరుసలో 8వ నంబరు గుండు వ్యాసము 2.2 మి.మీ.; ఔన్సుకు, అనగా 28 గ్రాములకు పైచిలుకు బరువునకు, సుమారు 450 గుండ్లు తూగును. 6వ నంబరు 2.6 మి.మీ., ఔన్సుకు 270. 4వ నంబరు 3.1 మి.మీ., 170. బి.బి. 4.1 మి.మీ., 70. ఎస్.జి. 8.4 మి.మీ., ఎనిమిది మాత్రమే. ఎల్.జి. అంతకంటెను పెద్దది. అంకె పెరిగినకొలది గుండు చిన్నదగునని గుర్తుంచుకొనవలెను. ఇంకొక చిక్కు గలదు: దేశమునుబట్టి యీ యంకెలు మాఱును. అమెరికావారి 6వ నంబరు ఇంగ్లీషువారి 5వ నంబరునకు సరి. కావున పెట్టెపై మిల్లీమీటర్లు చూచి కొనుట నిశ్చయము.

ఈ చిన్న పెద్ద గుండ్ల భేదము రైతునకేల యనిన, గుండు పోవు దూరము దానిపై నాధారపడియున్నది. ఫ్రెంచి సేనాని జూర్నే కనిపెట్టిన లెక్క యొకటి కలదు. గుండు వ్యాసము మిల్లీమీటర్లలో నెంతయో దానిని సుమారు 80చే హెచ్చవేసినచో, ఆ గుండు మిక్కిలి పోగల దూరము మీటర్లలో వచ్చును. 8వ నంబరు గుండు 175 మీటర్లకు పడిపోవును. ఎస్.జి. గుండు 660 మీటర్లు పోగలదు. మన చేను దాటి, పొరుగువాని చేను దాటి, బాట దాటి, ఆవలి చేనిలో కలుపుతీయువారి నడుమ పడును. గుఱి చూచిన వస్తువు నలువది గజములలోనే యుండవచ్చును గాని, తప్పిన గుండునకు నలువది గజములను నియమము లేదు. పిట్టలకు వాడు గుండునకు, పెద్దజంతువులకు వాడు గుండునకు గల యీ భేదమును మనస్సున నుంచుకొనియే తూటా నెన్నుకొనవలెను.

గుండ్లు విరియు తీరును గొట్టపు మూతి బిగువు నిర్ణయించును. దీనిని చోకు అందురు. నలువది గజముల దూరమున ముప్పది యంగుళముల వృత్తములో, బిగువు లేని గొట్టము నూటికి నలువది గుండ్లను, సగము బిగువుది అఱువదిని, పూర్తి బిగువుది డెబ్బదిని వేయునని ప్రమాణము. జోడుగొట్టముల తుపాకిలో రెండు గొట్టములకును బిగువు తఱచు వేఱుగా నుండును. ఏది యెట్లు వేయునో కాగితముపై కొట్టి చూడనిదే తెలియదు.

గుఱి యభ్యాసమునకు తేలిక తూటాయే తగినది. ఒలింపిక్ పోటీలలో ఎగిరెడి మట్టిబిళ్లలను కొట్టువారు 24 గ్రాముల గుండ్లకు మించని తూటాలనే వాడవలెను. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదువాసి కైనన్ చెనాయ్ ట్రాప్ పోటీయందు కాంస్యమును, జట్టుతో స్వర్ణమును గెలుచుకొనినది ఇట్టి తేలిక తూటాలతోనే. అట్టిచో మన సభ్యులు 36 గ్రాముల బలమైన తూటాలు కొని, భుజము కమిలించుకొని, రెండవ యేటుననే కన్నుమూసికొని మీట నొక్కుట వ్యర్థము. తుపాకి బరువు గుండ్ల బరువునకు 96 రెట్లుండవలెనని యింగ్లీషు తుపాకి పనివాడు గ్రీనరు చెప్పిన లెక్క నేటికిని పనికివచ్చును. 28 గ్రాముల తూటాకు 2.7 కిలోల తుపాకి, 32 గ్రాములకు 3 కిలోలకు పైబడినది, 36 గ్రాములకు సుమారు మూడున్నర కిలోలది కావలెను. అభ్యాసమును చేలగట్లపై గాక అనుమతిగల రేంజిలోనే చేయవలెను. లైసెన్సులో వ్రాసిన ప్రయోజనమునకు మించి తుపాకిని వాడుట చిక్కులకు దారి. అభ్యాసము తేలిక తూటాతో చేసినను, కాపుదలకై యింట నుంచుకొన్న రకమును కూడ రెండు మూడు కొట్టి, అది యెచ్చట పడుచున్నదో చూచుకొనవలెను.

ఇంటి కాపుదల మాట వచ్చునప్పటికి ఎంపిక కఠినమగును. అమెరికాలో శిక్షకులు తఱచుగా ఎస్.జి.తో సమానమైన పెద్దగుండు తూటానే చెప్పుదురు. చిన్నగుండు లోతుగా దిగదు గనుక మీదికి వచ్చువానిని నిలుపకపోవచ్చునని వారి వాదము. వాదము సత్యమే. కాని మన పల్లెలు వేఱు. తడికలు, తాటాకులు, రేకులు, పలుచని పలక తలుపులు. ఒక యింటి గోడకు ఆనుకొని మఱియొక యిల్లు. వేసవిలో అరుగులమీదను వాకిళ్లలోను మంచములు వేసికొని నిద్రించు జనము. ఎస్.జి. గుండు అట్టి తడికను రేకును దాటి చంపగల వేగముతో పోవును. మట్టిగోడయో, మంచి యిటుకగోడయో ఉన్నను, కిటికియు తలుపును ఉండనే యున్నవి గదా. కావున నూరి నడుమనున్న యింట 4వ నంబరుకంటె పెద్దగుండు ఉంచవలదని మా యభిప్రాయము. ఊరికి దూరముగా నొంటరియైన తోటయింట నున్నవారు పెద్దగుండు ఉంచుకొనుటను మేము తప్పుపట్టము. వారును ఏ దిక్కున బాట యున్నదో, ఏ దిక్కున పాక యున్నదో పగటియందే చూచియుంచుకొనవలెను.

చిన్నగుండు గనుక బెదరింపునకు పనికివచ్చునని తలంచుట మాత్రము ఘోరమైన పొరపాటు. నాలుగైదు గజములలో 6వ నంబరు గుండ్లు ఇంకను విరియక, పిడికెడు ముద్దవలె పోవును. ఆ దూరమున అది మనుష్యుని చంపును. బెదరించుటకు కేకయు దీపమును కుక్కయు చాలును. అవి చాలని సమయము వచ్చినగాని తుపాకి జోలికి పోరాదు.

చట్టమును ఇదియే చెప్పుచున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గూర్చినవి. కాపుదలకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు; అధికారులను ఆశ్రయించుటకు వ్యవధి యున్నచో ఆ హక్కే లేదు. దోపిడియో, ప్రొద్దుగూకినపిమ్మట ఇల్లు పగులగొట్టుటయో, కాపురమున్న యింటికి నిప్పుపెట్టుటయో, ప్రాణభయము కలిగించు దొంగతనమో అయినగాని ఆస్తికై ప్రాణము తీయుటకు చట్టమొప్పదు. వేరుసెనగ బస్తా నెత్తుకొని పాఱిపోవువాని వీపున కొట్టినవాడు బస్తాను దక్కించుకొనవచ్చునేమో గాని జైలును తప్పించుకొనలేడు. పెండ్లిలో నుత్సాహమునకై ఆకాశమున కొట్టి యితరుల ప్రాణమునకు అపాయము తెచ్చువారికి 2019 సవరణ ప్రకారము రెండేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జుల్మానా.

అడవిపందుల బాధ మన సభ్యులకు గొప్పది. మొక్కజొన్న, వేరుసెనగ, చెఱకు తోటలలో ఒక్కరాత్రి చాలును. అయినను 1972 వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అధికారుల యనుమతి లేక పందిని కొట్టరాదు. పైరుకాపుదల లైసెన్సు పందిని చంపుటకు లైసెన్సు గాదు. దానికి బదులుగా గట్టుకు కరెంటు తీగ కట్టువారిని మేము క్షమింపజాలము. ఆ తీగకు పందులతోపాటు నీరుపెట్ట వచ్చిన మనుష్యులును బలియైరి.

సహకార సంఘమున విత్తనమును ఎరువును ఒకరికొకరు బదులిచ్చుకొనుట మనకు వాడుక. తూటాలలో నీ వాడుక కూడదు. కొన్న తూటాలు లైసెన్సు పుస్తకమున నెక్కును; పుస్తకమునకు చేరని తూటా యింటనుండుట నేరము.

తూటాలకు తేమయు వేడియు శత్రువులు. కాగితపు గొట్టపు తూటా వానకాలమున ఉబ్బి గదిలో దిగదు, దిగినను తిరిగి రాదు. రేకుల కప్పు క్రింద అటకమీద పెట్టరాదు, వంటింట పెట్టరాదు. మూతబిగువైన డబ్బాలో కొన్న సంవత్సరము వ్రాసి, పాతవి ముందు వాడుచు, తుపాకికి దూరముగా వేఱు తాళములో నుంచవలెను. ఎన్నికలప్పుడు ఠాణాలో నప్పగించి కొన్ని వారములకు తెచ్చుకొన్న తుపాకి గొట్టములో కందిరీగ మట్టిగూడు పెట్టియుండవచ్చును. వెలుతురునకు పట్టి గొట్టము లోపల చూడక తూటా వేయరాదు. మీట నొక్కినను పేలనిచో అరనిముషము గొట్టమును మనుష్యసంచారము లేని దిక్కునకే పట్టియుంచి, పిమ్మట విప్పవలెను. మామూలుకంటె చప్పుడు తక్కువగా వచ్చినచో లోపలి యడ్డుబిళ్ల గొట్టములోనే చిక్కుకొనియుండవచ్చును; అది తీయక రెండవది కొట్టరాదు. చిలుము పట్టినవానిని, ఉబ్బినవానిని పొయ్యిలో వేయక, బావిలో పడవేయక, లైసెన్సుగల దుకాణదారునకో ఠాణాకో అప్పగించి, పుస్తకములో లెక్క వ్రాయించుకొనవలెను.