మచ్చల గుర్రం.. యుద్ధం చెదరగొట్టిన జాతి

అమెరికా ఖండంలో గుర్రాలు వేల ఏళ్ల క్రితమే అంతరించాయి. నేడు అక్కడున్నవన్నీ 15వ శతాబ్దం చివరి నుంచి ఐరోపా వారు ఓడల్లో తెచ్చిన వాటి సంతతే. అయినా ఆ నేల అవసరాలు వాటిని కొత్త జాతులుగా తీర్చిదిద్దాయి. పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల పందెంలో దూసుకుపోయే క్వార్టర్ హార్స్‌కు ఆ దూరమే పేరైంది. మోర్గాన్ జాతికైతే 1789లో పుట్టిన 'ఫిగర్' అనే ఒక్క మగ గుర్రమే మూలం. దాని యజమాని, బడిపంతులు జస్టిన్ మోర్గాన్ పేరే ఆ జాతికి స్థిరపడింది.

అందరి దృష్టినీ ఆకర్షించేది మాత్రం అప్పలూసా. ఒంటిపై చిరుతను తలపించే మచ్చలు, నిలువు చారల గిట్టలు, మూతి చుట్టూ చుక్కల చర్మం, మనిషి కంటిలా చుట్టూ కనిపించే తెల్లగుడ్డు దీని గుర్తులు. వాయవ్య అమెరికాలోని పలూస్ ప్రాంతం పేరు మీదుగానే దీనికి ఈ పేరు వచ్చింది. అక్కడి ఆదివాసులైన నెజ్ పెర్స్‌లు నాసిరకం మగ గుర్రాలకు విత్తులు కొట్టి, మేలైన వాటినే సంతతికి ఉంచేవారు. వారి గుర్రాల నాణ్యతను అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 1806లోనే తన దినచర్యలో ప్రశంసించాడు. అయితే వారి గుర్రాలన్నీ మచ్చలవేనన్న ప్రచారం సరికాదు.

బంగారం బయటపడటంతో 1863 ఒప్పందం వారి భూమిలో అత్యధిక భాగాన్ని లాక్కుంది. మిగిలిన చిన్న హద్దుల్లోకి వెళ్లాలని 1877లో సైన్యం ఒత్తిడి చేయడంతో యుద్ధం మొదలైంది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో కలిసి వందలాది మంది తమ గుర్రాలతో కొండలు దాటుతూ 1,800 కిలోమీటర్లకు పైగా సాగిపోయారు. కెనడా సరిహద్దు మరో 65 కిలోమీటర్లుందనగా, అక్టోబరు 5న చీఫ్ జోసెఫ్ లొంగిపోయారు. సైన్యం చేజిక్కించుకున్న గుర్రాలు అమ్మకాలతో చెల్లాచెదురయ్యాయి. కొన్ని బండ్లు లాగే జాతులతో కలిసిపోయాయి. తరతరాల ఎంపిక కొద్ది దశాబ్దాల్లోనే కరిగిపోయింది.

మిగిలిన వాటిని కాపాడేందుకు 1938లో అప్పలూసా హార్స్ క్లబ్ ఏర్పడింది. 1975లో ఐడహో దీన్ని రాష్ట్ర అశ్వంగా ప్రకటించింది.

అందానికి మూల్యమూ ఉంది. మచ్చలకు కారణమైన జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ సంక్రమిస్తే ఆ పిల్లకు పుట్టుకతోనే రేచీకటి. పగలు చక్కగా చూసే గుర్రమే చీకటి పడగానే తడబడుతుంది. పదేపదే తిరగబెట్టి చూపును హరించే కంటి వాపు కూడా ఈ జాతిలో ఎక్కువే. జన్యు పరీక్ష అందుబాటులో ఉన్నందున, జత కట్టించే ముందే దాన్ని చేయించడం మేలు.

నెజ్ పెర్స్‌లు సైతం 1990లలో ఐడహోలో గుర్రాల పెంపకాన్ని తిరిగి చేపట్టారు. అప్పలూసాను తుర్క్‌మెనిస్తాన్‌కు చెందిన అఖల్‌టెకె జాతితో సంకరపరిచి, పొడవైన కాళ్లతో దూరప్రయాణానికి అనువైన గుర్రాలను రూపొందించారు. వాటికి పెట్టిన పేరు నెజ్ పెర్స్ హార్స్.